ఒక్క మార్కు ప్రశ్న వెనుక

ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మా బడిలో క్విజ్ పెడతాం. ఐక్యరాజ్యసమితి ఈ దినాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించింది అన్నదే తరచూ మొదటి ప్రశ్న. 1994 అని పిల్లలు టక్కున చెప్పేస్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు బట్టీ పట్టి వస్తారు కదా!

ఒక ఏడాది నేను "రంప తిరుగుబాటు నాయకుడు ఎవరు?" అని అడిగాను. నా మాట పూర్తి కాకముందే నాలుగు జట్లూ చేతులెత్తాయి. "అల్లూరి సీతారామరాజు!" ఒక మార్కు. తర్వాతి ప్రశ్న చదవబోతుంటే ఏడో తరగతి అమ్మాయి లేచి నిలబడింది. "సార్, ఆ పోరాటంలో మనవాళ్లు ఎవరూ లేరా?" అంది. "ఎందుకు లేరమ్మా, చాలామంది ఉన్నారు" అన్నాను. "పేర్లు చెప్పండి సార్" అంది. రెండు పేర్లు చెప్పి ఆగిపోయాను. మన్యంలో పుట్టి, మన్యంలోనే పాఠాలు చెప్పే నాకు మూడో పేరు రాలేదు. ఆ సిగ్గే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది.

ఆ రోజు నేను చెప్పిన రెండు పేర్లు గాం గంటందొర, గాం మల్లుదొర. వీరిద్దరూ అన్నదమ్ములు. గంటందొర బట్టిపనుకుల గ్రామ మునసబు. గూడెం తహసీల్దారు బాస్టియన్ వేధింపులకు గురైనవాడు. నర్సీపట్నం నుంచి కొండల మీదికి రోడ్డు వేయిస్తూ ఆ తహసీల్దారు మన జనం చేత చాకిరీ చేయించాడు. పేరుకు కూలి, చేతికి వచ్చేది అరకొర. ఎదురు చెప్పినవారికి హింస. నేను మరచిపోయిన మూడో పేరు మొట్టడం వీరయ్యదొర. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దళం దాడి చేసింది. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించుకుంది.

ఈ పేర్లు చెప్పడం రాజుగారిని తక్కువ చేయడానికి కాదు. మన్యం కోసం ప్రాణమిచ్చినవాడు ఆయన. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. కానీ ఆయన అడవిలో ఒంటరిగా తిరగలేదు. దారి చూపినవారు, తిండి పెట్టినవారు, కబురు మోసినవారు, తుపాకీ పట్టినవారు మన ఊళ్లవాళ్లు. వారు లేకపోతే మలబారు పోలీసులనూ అస్సాం రైఫిల్స్‌నూ రప్పించిన ప్రభుత్వం ముందు ఆ దళం దాదాపు రెండేళ్లు నిలిచేదా?

నాయకుడు ఎవరని అడుగుతాం గానీ, జనం ఎందుకు లేచారని క్విజ్‌లో ఎప్పుడైనా అడిగామా? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టడం, పశువులను మేపుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం అన్నిటికీ అడ్డు పడింది. తాతల నాటి అడవిలోనే మనం దొంగలమైపోయాం. అంతకుముందే, 1879లో, రంప కొండల్లో మరో పెద్ద ఫితూరీ జరిగింది. అక్కడి మున్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వేశాడు. ఆపై ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. జీలుగు కల్లు మన పండగలో, పెళ్లిలో, దేవతకు పెట్టే సాకలో ఉండేదే కదా! దాని మీద చెయ్యి వేస్తే కొండలు ఊరుకోలేదు. ఆ పోరాటంలో ముందు నిలిచినవారిలో కారం తమ్మన్నదొర ఒకడు. రంప తిరుగుబాటు అంటే 1922 మాత్రమే అనుకునే పిల్లలకు ఈ పేరు తెలియదు.

తర్వాత ఏమైందన్నదీ మనం అడగని ప్రశ్నే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుగారిని కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా నేలకొరిగాడు. మల్లుదొర 1923లోనే పట్టుబడి అండమాన్ జైలు చూశాడు. 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. తెల్లదొరలు ఖైదీగా పంపిన మనిషిని జనం పార్లమెంటుకు పంపారు. ఈ ప్రశ్న ఏ క్విజ్ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఇది ఒక్క మన్యం సంగతే కాదు. ఆదిలాబాద్ గోండుల చరిత్ర కూడా క్విజ్‌లో కొమురం భీం, జోడేఘాట్, 1940 అనే మూడు మాటల్లో ముగుస్తుంది. భీం చనిపోయాక గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. 1940ల్లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. సుద్దముక్క పట్టిన మన తొలి తరం ఉపాధ్యాయుల్లో వారు ఉన్నారు. జోడేఘాట్‌లో కారిన నెత్తురుకూ మన బడికీ సంబంధం ఉందని పిల్లలకు చెప్పవద్దా?

తోటి ఉపాధ్యాయులకు నా మాట ఒకటే. క్విజ్ మానవద్దు. ఉద్యోగ పరీక్షలకు మన పిల్లలకు ఆ మార్కులు కావాలి. కానీ ప్రతి పేరు వెంట మూడు ప్రశ్నలు కలపండి: ఆయన వెంట ఎవరున్నారు? ఎందుకు లేచారు? తర్వాత ఏమైంది? యువకులారా, మీరు మీ ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడగండి. వారు చెప్పింది వారి పేరుతో నోటుబుక్కులో రాయండి. పుస్తకంలో ఉన్నదాన్ని వేరే పేజీలో రాయండి. రెండూ కలిపేస్తే రేపు ఏది ఎవరి మాటో తెలియదు. ఆ పెద్దలు వెళ్లిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

మరుసటి ఏడాది ఆగస్టు 9న ప్రశ్నలు తయారుచేసే పని ఆ అమ్మాయికే అప్పగించాను. ఆమె మొదటి ప్రశ్న: "అండమాన్ జైలు నుంచి లోక్‌సభ దాకా వెళ్లిన రంప వీరుడు ఎవరు?" ఒక్క జట్టు కూడా చెయ్యి ఎత్తలేదు. జవాబు ఆమే చెప్పింది. ఆ తర్వాత ఆ కథ వినడానికి పిల్లలు క్విజ్ ఆపమన్నారు.