వజ్రమును గోయు వజ్రము

చెన్నపురి యందలి వాషర్‌మన్‌పేట కుంఫిణీ బట్టలను చలువచేసిన చాకలివారి పేర వెలసినది. వారి పూర్వనివాసమైన చాకలివీధి 19వ శతాబ్దిలో టంకసాల వీధి యైనది. ఆ సమీపమున పగడపు వర్తకుల వీధి గలదు. లండను యూదులు పగడములు దెచ్చి ఆంధ్రదేశపు వజ్రములను గొనుచుండిరి. వానిలో పెక్కు సానబట్టకయే ఓడ నెక్కినవి.

వజ్రపుమొన పనిముట్లు మనవారికి దెలియకపోలేదు. వజ్రముచే దొలిచిన మణిని కాళిదాసు రఘువంశారంభముననే యుపమానముగ గైకొనెను. పుదుచ్చేరి చెంత నరికమేడున దొరకిన రాతిపూసల బెజ్జములలో వజ్రపుమొన బరమాల జాడలను పరిశోధకులు గుర్తించిరి.

కొరత చక్రమున నున్నదని 17వ శతాబ్దిలో గోలకొండ గనులను జూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తలచెను. ఇచ్చటివారు పళ్లెమంత యుక్కుచక్రముపై నొక్కరాతినే యుంచి, నీరు విడుచుచు దాని పొర కనుగొని, పిమ్మట నూనెయు వజ్రపుపొడియు ధారాళముగ వాడుదురట. చక్రము నునుపుగ దిరుగమి మెరుగు తగ్గునట. వర్తకుని తీర్పు గనుక కొంత తగ్గించి గ్రహింపవలెను. రాతిబరువు పోనీయకుండుటయే ఇచ్చటి పనివారి మతము. ఐరోపావారు మెరుపునకై బరువును వదలుకొనిరి.

గవర్నరు థామస్ పిట్ 1702లో మదరాసున 48,000 వరహాలకు గొన్న 410 కారట్ల కృష్ణాతీరపు రాయి లండనున రెండేండ్లు చెక్కబడి, సుమారు 140 కారట్లుగా మిగిలి, నేడు పారిసు లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది.