కిస్తీ తప్పినవాళ్లకు ఇంటి రుణం దక్కదా? కొల్లేటి వాడల కోసం ఒక కరదీపిక

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చేవాళ్లకు గుడి కనిపిస్తుంది, సరస్సు కనిపిస్తుంది, చుట్టూ చేపల చెరువులు కనిపిస్తాయి. ఆ చెరువుల మీద బతికే కుటుంబాల అప్పులు మాత్రం కనిపించవు. డ్వాక్రా కిస్తీ, మైక్రోఫైనాన్స్ వారం వాయిదా, కొట్లో ఖాతా, నూటికి మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రోనోటు. వీటిలో బ్యాంకు అప్పో, ఫైనాన్స్ అప్పో ఒకటి తప్పిందంటే, ఏళ్ల తర్వాత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు వినిపించే మాట ఒకటే: “మీకు సిబిల్ లేదు.”

ఆ మాటతో అంతా అయిపోయిందనుకుని తిరిగి వచ్చేయకూడదని చెప్పడానికే ఈ వ్యాసం. సిబిల్ మన గుణానికి ఇచ్చే సర్టిఫికెట్ కాదు, అదొక రికార్డు మాత్రమే. దాన్ని చూసే హక్కు మనకుంది. తప్పుంటే దిద్దించే హక్కు ఉంది. మళ్లీ మంచి రికార్డు కట్టుకునే దారీ ఉంది.

ఈ అప్పులు ఎలా చెడ్డాయి

1976లో ప్రభుత్వం మత్స్యకారులతో, దళితులతో సహకార సంఘాలు పెట్టించి కొల్లేరులో చేపల చెరువులకు అనుమతి ఇచ్చింది. కాలక్రమంలో చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. సంఘ సభ్యులు తమ చెరువుల మీదే కూలీలయ్యారు. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్టు తెగితే చెరువు పోతుంది గానీ, చెరువు మీద చేసిన అప్పు పోదు.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ వేధింపులను అరికట్టడానికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అది అవసరమైన చట్టమే. అయితే ఆ తర్వాత వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి, కట్టని బాకీలు రుణగ్రహీతల పేర్ల మీద ఉండిపోయాయి. 2014లో రుణమాఫీ హామీ నమ్మి కిస్తీలు ఆపిన డ్వాక్రా మహిళల మీద వడ్డీ పెరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు కొల్లేరు పల్లెల్ని ముంచింది. వీటిలో దేన్నీ ‘ఎగవేత’ అనడం న్యాయం కాదు. రికార్డుకు మాత్రం కారణం తెలియదు, తేదీ ఒక్కటే తెలుసు.

ఐపీ ఎవరికి

మన వైపు ‘ఐపీ పెట్టాడు’ అనే మాట వినని ఊరుండదు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, అప్పు తీర్చలేనివాడు కోర్టును ఆశ్రయిస్తాడు. కోర్టు దివాలా ప్రకటించాక పని అయిపోయినట్టు కాదు. గడువులోగా డిశ్చార్జి ఉత్తర్వు కోసం దరఖాస్తు చేసుకోవాలి. డిశ్చార్జి వచ్చేదాకా తాను దివాలాదారుణ్నని చెప్పకుండా యాభై రూపాయలు లేదా అంతకు మించి అప్పు తీసుకోవడం 72వ సెక్షన్ కింద నేరం. కాబట్టి ఐపీ పెట్టినవాళ్లు ఇంటి రుణం గురించి ఆలోచించే ముందు డిశ్చార్జి ఉత్తర్వు నకలు చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.

2016 దివాలా స్మృతిలో పేదల కోసం ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకుండా, సొంత ఇల్లు లేనివాళ్లు ‘కొత్త ఆరంభం’ కోరవచ్చని అందులో ఉంది. కంపెనీల దివాలా నడుస్తోంది, కంపెనీలకు హామీ ఉన్నవాళ్ల దివాలా నడుస్తోంది. ఈ అధ్యాయం మాత్రం కాగితం మీదే ఉంది. విద్యార్థులు, కార్యకర్తలు ఎత్తిచూపాల్సిన వివక్ష ఇది.

ముందు రిపోర్టు తీయాలి

దేశంలో రుణ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. స్కోరు చూసి ఆగిపోవద్దు, ఖాతాల పట్టిక మొత్తం చదవాలి.

మూడు విషయాలు వెతకాలి. మనది కాని అప్పు మన పేరు మీద ఉందా? కట్టేసిన అప్పు ఇంకా బాకీగా ఉందా? మనం హామీ సంతకం పెట్టిన అప్పు తప్పిందా? హామీదారు రికార్డు కూడా దెబ్బతింటుంది.

తప్పు కనిపిస్తే రుణం ఇచ్చిన సంస్థకూ, సమాచార సంస్థకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారం కోసం 14448 నంబరు ఉంది.

‘డబ్బిస్తే సిబిల్ బాగుచేస్తాం’ అనే ఏజెంట్లను నమ్మవద్దు. నిజమైన బాకీని రికార్డులోంచి ఎవరూ చెరిపేయలేరు.

మూసేయడం వేరు, సెటిల్ చేయడం వేరు

పూర్తిగా కడితే ఖాతా ‘క్లోజ్డ్’ అవుతుంది. తగ్గించి ఒప్పందం చేసుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది. తర్వాత రుణం అడిగేటప్పుడు ఆ ముద్ర అడ్డం వస్తుంది. వ్యవసాయేతర అప్పుల్లో అలా రాజీపడితే, అదే బ్యాంకు కొత్త రుణం ఇవ్వడానికి కనీసం ఏడాది ఆగాలని 2023 జూన్ నిబంధన. ‘రైటాఫ్’ అంటే మాఫీ కాదు, బ్యాంకు తన లెక్కల్లో పక్కన పెట్టిందని అర్థం. బాకీ మన మీదే ఉంటుంది.

అందుకే చేతనైతే చిన్న బాకీలను ముందు పూర్తిగా తీర్చాలి. కట్టిన ప్రతిసారీ రసీదు, చివర్లో నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏజెంట్ చేతికి నగదు ఇచ్చి నోటిమాట నమ్మవద్దు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. డబ్బు డిక్రీ వచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ప్రకారం మహిళను అరెస్టు చేయకూడదు.

కొత్త రికార్డు ఎలా పడుతుంది

పాత మచ్చను కొత్త కిస్తీలే వెనక్కి నెడతాయి. సంఘం ద్వారా వచ్చే చిన్న రుణం, కొద్దిపాటి బంగారు రుణం, డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు, ఇలా ఏదో ఒకటి తీసుకుని ఏడాది, రెండేళ్లు గడువు తప్పకుండా కట్టాలి. కార్డు పరిమితిలో మూడో వంతు దాటకుండా వాడడం మంచిది. ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు పెడితే ప్రతి విచారణా రికార్డులో పడి స్కోరు తగ్గుతుంది. చెరువు పని కూలీ బ్యాంకు ఖాతాలో జమయ్యేలా అడగాలి. ఆదాయానికి అదే రుజువు.

ఇంటి రుణం దగ్గర

స్కోరు బాగున్నా కొల్లేట్లో రెండో అడ్డంకి స్థలం. ఐదో కాంటూరు లోపలి భూమి, గ్రామకంఠంలో తాతల నాటి జాగా, కాగితం లేని పంపకం, వీటి మీద బ్యాంకు తాకట్టుకు ఒప్పుకోవడం కష్టం. ముందు పట్టా సంగతి తేల్చుకోవాలి. ఇంటి మీద గృహనిర్మాణ సంస్థ పాత అప్పు ఉందేమో చూసుకోవాలి. అలాంటి అప్పులను పల్లెల్లో పదివేలకు మూసే పథకం 2021 డిసెంబర్ 21న తణుకులోనే మొదలైంది. అప్పుడు కట్టినవాళ్లు తమ పత్రాలు వెతికి పెట్టుకోవాలి.

ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తును బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు. పై స్థాయి అధికారే నిర్ణయించాలి, కారణం స్పష్టంగా రాయాలి. ఇది రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. అందువల్ల కౌంటర్ దగ్గర “రాదు” అంటే కదలవద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, తిరస్కరణ కూడా కాగితం మీదే అడగాలి.

ఏ దశలోనైనా వకీలు అవసరమైతే, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100.

బ్యాంకు గుమ్మం ఒక్కరే ఎక్కితే నోటిమాటతో పంపేస్తారు. అందుకే వాడలో చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుని పది కుటుంబాల రిపోర్టులు తీసి చదవాలని మేం కోరుతున్నాం. ఏ ఇంటి మీద ఏ బాకీ ఉందో, అందులో ఎంత నిజమో తేలితే, ఇంటి రుణం అడగడానికి సగం పని పూర్తయినట్టే.