హపోన్ వారి ఇంటిపేరు

స్పెయిన్ దేశానికి దక్షిణాన సెవియా నగరం నుండి గ్వాదల్కివీర్ నది వెంబడి దిగువకు వస్తే, పదిహేను కిలోమీటర్ల లోపునే కోరియా దెల్ రియో అనే ఊరు తగులుతుంది. ముప్పై వేల జనాభా గల ఊరు. పేరు చూసి కొరియా దేశంతో ముడిపెట్టనక్కరలేదు. రోమనుల నాడు దీనిని కౌరా అనేవారు, అదే అరిగి కోరియా అయినది. అయితే ఆసియాతో ఈ ఊరికి మరొక సంబంధం ఉన్నది. అది ఊరి పేరులో లేదు, ఊరివారి ఇంటిపేరులో ఉన్నది. ఇక్కడ ఆరు ఏడు వందల మంది ఇంటిపేరు "హపోన్". స్పానిష్ భాషలో జపాన్ దేశాన్ని అనే మాట అదే.

ఇంటిపేర్లంటే నాకు మొదటినుండీ ఆసక్తి. మన ఇంటిపేర్లలో సగానికి సగం ఊళ్ళ పేర్లే కదా. పూర్వీకుడు ఏ ఊరు వదలి వచ్చాడో ఆ ఊరే వంశానికి గుర్తుగా మిగులుతుంది. ఉన్న ఊళ్ళో ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, వలస వచ్చినవాడినే పిలుస్తారు. స్పెయిన్‌లోనూ ఇదే న్యాయం. నవార్రో, గయేగో, కతలాన్, తొలెదానో, ఇవన్నీ ఒక ప్రాంతం విడిచి మరొక ప్రాంతానికి చేరినవారికి ఇరుగుపొరుగు తగిలించిన పేర్లు. కనుక హపోన్ అన్న పేరు వినగానే, జపాను నుండి ఎవరో వచ్చి అక్కడ ఉండిపోయారని ఊహించడం సహజమే. కానీ ఊహ వేరు, ఋజువు వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది.

ముందు తెలిసిన చరిత్ర చెబుతాను. 1613 అక్టోబరు 28న ఈశాన్య జపానులోని త్సుకినౌరా రేవు నుండి ఒక ఓడ బయలుదేరింది. పంపినవాడు సెందాయ్ ప్రభువు దాతే మసమునె. మెక్సికోతో, అంటే ఆనాటి నూతన స్పెయిన్‌తో, నేరుగా వర్తకం చేసుకోవాలని ఆయన కోరిక. అందుకు బదులుగా క్రైస్తవ బోధకులను తన రాజ్యంలోకి రానిస్తానన్నాడు. రాయబారిగా వెళ్ళినవాడు హసెకురా త్సునెనగ అనే మధ్యతరగతి సామురాయి. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న హోదావాడిని ఎందుకు పంపారని అడగవచ్చు. హసెకురా తండ్రి అవినీతి నేరంపై మరణశిక్ష పొందాడు. కొడుక్కి కూడా ఆ గతే పట్టవలసినది. తిరిగి రాకపోయినా ప్రభువుకు పెద్ద నష్టం లేని మనిషి, తిరిగి వస్తే పరువు దక్కించుకునే మనిషి. వెంట నడిపించినవాడు లూయిస్ సొతేలో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆయన స్వస్థలం సెవియా.

ఓడలో నూట ఎనభై మంది దాకా ఉన్నారు. 1614 జనవరిలో అకపుల్కో చేరారు. జపాను వారిలో ఎక్కువమంది మెక్సికోలోనే ఆగిపోయారు. ముప్పై మందికి మించని బృందం మాత్రం హవానా మీదుగా అట్లాంటిక్ దాటి, అక్టోబరు 5న సాన్లూకర్ దె బర్రమేద రేవు చేరింది. అక్కడ మెదీనా సిదోనియా ప్రభువు వారిని గౌరవించి, పడవలు సమకూర్చి నది ఎగువకు పంపాడు. సెవియా నగరం వారు స్వాగత సన్నాహాలు పూర్తి చేసేవరకు కొన్ని రోజులు కోరియాలో విడిది ఏర్పాటైనది. ఈ వివరాలు రాసినవాడు రాయబారం వెంట ఉన్న షిపియోనే అమాతి అనే ఇటలీ పండితుడు. ఆయన పుస్తకం 1615లోనే రోములో అచ్చయినది.

ఆ తరువాతి కథ క్లుప్తంగానే చెబుతాను. 1615 జనవరి 30న మద్రిద్‌లో మూడవ ఫెలిపె రాజు దర్శనం. ఫిబ్రవరి 17న హసెకురా బాప్తిస్మం తీసుకుని ఫెలిపె ఫ్రాన్సిస్కో అయ్యాడు. రోముకు వెళ్ళే దారిలో గాలివాన వల్ల ఫ్రాన్సు తీరాన సాఁ త్రొపేలో ఆగారు. అక్కడి జనం వీరిని చూసి రాసుకున్న మాటలు భలే ముచ్చటగా ఉంటాయి. రెండు పుల్లలతో అన్నం తింటారట, పలుచని కాగితంతో ముక్కు తుడుచుకుని పారేస్తారట, ఆ పారేసిన కాగితాలను జనం ఎగబడి ఏరుకునేవారట! నవంబరులో పోపు అయిదవ పౌలు దర్శనం కూడా అయినది. కానీ ఈలోగా జపానులో క్రైస్తవాన్ని నిషేధించారన్న వార్త యూరపుకు చేరింది. స్పెయిన్ రాజు ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. సెవియా పరిసరాల్లో కాలం వెళ్ళబుచ్చి, 1617లో హసెకురా ఓడ ఎక్కాడు. ఫిలిప్పీన్స్ మీదుగా 1620లో ఇల్లు చేరి, రెండేళ్ళకే కన్నుమూశాడు. సొతేలోను 1624లో ఒమురాలో సజీవంగా దహించారు. హసెకురా కుమారుడికి కూడా 1640లో, ఇంట్లో క్రైస్తవులను ఉండనిచ్చాడన్న నేరంపై మరణశిక్ష పడింది.

ఇటువంటి ఇంటికి తిరిగి వెళ్ళడమా, నది ఒడ్డున ఉండిపోవడమా? బృందంలో కొద్దిమంది రెండవ దారి ఎంచుకున్నారు. వెళ్ళినవారి కంటె ఉండిపోయినవారే సుఖపడ్డారని మాత్రం అనుకోకండి. తోమాస్ ఫెలిపె అనే జపాను మనిషి సంగతి వినండి. ఇతడు రాయబారంతో వచ్చి స్పెయిన్‌లో మిగిలిపోయాడు. ఎస్త్రెమదూరా ప్రాంతంలో సాఫ్రా అనే ఊళ్ళో ఒకడి వద్ద కొలువుకు కుదిరితే, ఆ యజమాని ఇతణ్ణి బానిసగా మార్చి ఒంటిమీద వాత వేయించాడు. తాను స్వతంత్రుడనని, తన దేశానికి పోనివ్వమని 1622లో రాజుగారికి అర్జీ పెట్టుకున్నాడు. సామురాయిగా వచ్చినవాడు వాతపడ్డ ఒంటితో న్యాయం అడుక్కోవలసి వచ్చింది. ఈ రాయబారపు కాగితాలన్నింటిలో నన్ను ఎక్కువగా కలచినది పోపుగారి స్వాగతం కాదు, ఈ అర్జీ. మన విషయానికి కూడా ఇది ముఖ్యమే. ఆ కాలపు కాగితాలలో ఇతని పేరు చివర "హపోన్" అని కనబడుతుంది. అంటే దేశం పేరు మనిషి పేరుకు అతుక్కునే పని అప్పటికే మొదలైనది.

మరి కోరియాలో ఏమి జరిగినది? ఋజువు కోసం వెళ్ళవలసినది చర్చి బాప్తిస్మ పుస్తకాల దగ్గరకు. ఊరిలోని సాంతా మరియా దె లా ఎస్త్రెయా చర్చి పుస్తకాలలో హపోన్ ఇంటిపేరు 17వ శతాబ్దం ఉత్తరార్ధంలో కనిపిస్తుంది. అప్పటికే అది తండ్రి నుండి బిడ్డకు వచ్చే పేరుగా ఉన్నది. చిక్కల్లా అంతకు ముందరిదే. రాయబారం వచ్చి వెళ్ళిన ఏండ్లకు చెందిన పుస్తకాలు మిగలలేదు. ఫలానా జపాను మనిషి ఫలానా కోరియా పిల్లను పెళ్ళాడాడు అన్న ఒక్క వాక్యం దొరికితే చాలు. అది ఉండవలసిన పుటలే పోయాయి. తాత ఉన్నాడు, మనుమడు ఉన్నాడు, నడుమ తండ్రి కనబడడు.

సంశయవాదులు దీనినే పట్టుకుంటారు. వారి వాదన కొట్టిపారేయదగినది కాదు. పోర్చుగీసు వర్తకులు 16వ శతాబ్దంలోనే జపాను వారిని బానిసలుగా కొని అమ్మారు. 1570లో పోర్చుగల్ రాజు నిషేధించినా ఆ వ్యాపారం ఆగలేదు. సెవియా ఆనాడు పెద్ద బానిస విపణి. కనుక ఏ ఓడలోనో, ఏ సంకెళ్ళలోనో వచ్చిన మరొక జపాను మనిషి కూడా ఈ పేరుకు మూలం కావచ్చు. అలా అయినా జపాను సంబంధం పోదు, సామురాయి వైభవమే పోతుంది. అయినా నా మొగ్గు రాయబారం వైపే. దేశమంతటా వెతికినా ఈ ఇంటిపేరు ప్రధానంగా దొరికేది రాయబారం విడిది చేసిన ఊరిలో, దాని చుట్టుపక్కల. బానిసల ద్వారా వచ్చి ఉంటే సెవియా నగరంలోనే ఎక్కువగా ఉండవలసినది కదా. పేరెందుకు "జపాను" అయినదన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉన్నది. ఆనాటి జపానులో సామాన్యులకు అధికారికంగా ఇంటిపేర్లు లేవు, అందరికీ ఇంటిపేరు తప్పనిసరి అయినది 1875లోనే. రాయబారి వెంట వచ్చిన పరిచారకులకు పాదిరి ఒక క్రైస్తవ నామం పెట్టేవాడు. దాని పక్కన రాయడానికి ఏ పేరూ లేకపోతే దేశం పేరు రాయక ఏమి చేస్తాడు?

ఇక సంఖ్యల సంగతి. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ దేశంలో ఇరవై మందికి తగ్గకుండా ఉన్న ప్రతి ఇంటిపేరుకూ లెక్క ప్రచురిస్తుంది. గార్సియా అనేవారు పద్నాలుగు లక్షల పైచిలుకు. దాని పక్కన హపోన్ సముద్రంలో కాకిరెట్ట. అయినా ఈ ఆరేడు వందల లెక్కను జాగ్రత్తగా చదవాలి. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, మొదట తండ్రిది, తరువాత తల్లిది. పెళ్ళయినా ఆడవారి పేరు మారదు. (మన ఆడపడుచులకు ఈ భాగ్యం ఎన్నడు?) మొదటి స్థానంలో గాని, రెండవ స్థానంలో గాని హపోన్ ఉన్నవారందరూ ఈ లెక్కలోకి వస్తారు. తల్లి వైపు నుండి వచ్చిన పేరు మరుసటి తరానికి సాధారణంగా రాలిపోతుంది. ఫుట్‌బాల్ మధ్యవర్తిగా పేరు పొందిన హొసే హపోన్ సెవియాకు అది మొదటి పేరు. అందలూసియా సాంస్కృతిక మంత్రిగా పనిచేసిన భూగోళ శాస్త్రవేత్త హువాన్ మనుయేల్ సువారెస్ హపోన్‌కు అది రెండవ పేరు, తల్లి పేరు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూశాను. ఆరున్నర వందలలో సగం మందికి ఇది మొదటి పేరు అనుకుందాం. అందులో సగం మగవారు. వారిని మూడు తరాలకు పంచితే ఒక్కొక్క తరంలో యాభై, అరవై మంది. 1617 నుండి ఇప్పటికి పదమూడు తరాలు. ఇదే కాలంలో స్పెయిన్ జనాభా ఎనభై లక్షల నుండి దాదాపు అయిదు కోట్లకు, అంటే ఆరు రెట్లు, పెరిగినది. మూలపురుషుడు ఒక్కడే అయితే, సగటున నేటికి ఆరుగురు మగవారే ఉండాలి. యాభై మంది ఉన్నారంటే మూలపురుషులు పలువురైనా అయి ఉండాలి, లేక ఆ ఒక్కడి సంతానం అదృష్టవంతులైనా అయి ఉండాలి. ఇటువంటి లెక్కలను 1870లలో గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు మొదలుపెట్టారు. వారి ప్రకారం చాలా ఇంటిపేర్లు కొన్ని తరాలలోనే అంతరిస్తాయి, మిగిలినవి సగటును మించి విస్తరిస్తాయి. మనం చూసేది ఎప్పుడూ మిగిలినవాటినే కనుక రెండవ వివరణ కూడా కాదనలేనిదే. పక్క ఊళ్ళలో ఏ పేరూ మిగల్చకుండా మాసిపోయిన జపాను మనుషులు ఎందరో!

నెత్తురు పరీక్షతో తేలదా అంటారు. 2013 ప్రాంతంలో జపాను పరిశోధకులు కోరియాలో హపోన్ల నుండి డి.ఎన్.ఎ. నమూనాలు సేకరించే పని చేపట్టారు. వినడానికి తేలికగా ఉన్నా ఇందులో మెలిక ఉన్నది. పదమూడు తరాల వెనుకటి ఒక్క పూర్వీకుడి నుండి మనకు దక్కే అంశం ఎనిమిది వేలలో ఒక పాలు, కొన్ని సందర్భాలలో అసలు సున్నా. తండ్రి నుండి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోసోము ఒక్కటే కొంచెం ఆశ. జపాను మగవారిలో మూడింట ఒక వంతుకు పైగా ఒక ప్రత్యేక శాఖకు చెందిన వై క్రోమోసోము ఉంటుంది. అది యూరపులో దాదాపు కనిపించదు. కోరియాలో అది దొరికితే వాదం ముగిసినట్లే. దొరకకపోతే మాత్రం ఏమీ తేలదు. ఏ తరంలోనో కొడుకులు లేక తల్లి పేరు పిల్లలకు దక్కి ఉండవచ్చు. 17వ శతాబ్దపు స్పెయిన్‌లో అన్నదమ్ములు వేర్వేరు ఇంటిపేర్లు పెట్టుకున్న సందర్భాలు కొల్లలు. రెండు పేర్ల పద్ధతి చట్టంగా గట్టిపడినది 1870 జనన మరణ నమోదు శాసనంతోనే.

ఊళ్ళో చెప్పుకునే మరొక ఋజువు, పసికందుల నడుము కింద కనిపించే నీలి మచ్చ. ఇది నాకు బలంగా తోచదు. ఆ మచ్చ మధ్యధరా ప్రాంతపు బిడ్డలలోనూ అప్పుడప్పుడు ఉంటుంది. కోరియా దిగువన చిత్తడి నేలల వరి పొలాలను చూపి జపాను వారు నేర్పినదే అనేవారూ ఉన్నారు. ఆ వరి సాగు విస్తరించినది 20వ శతాబ్దంలో.

ఋజువు లేకున్నా బంధుత్వం మాత్రం సాగుతూనే ఉన్నది. 1992లో నది ఒడ్డున హసెకురా విగ్రహం నిలిచినది. జపాను వైపు ముఖం పెట్టి కాదు, నది వైపు. 2013 జూన్‌లో అప్పటి యువరాజు నరుహితో వచ్చి ఆ ఊళ్ళో ఒక చెర్రీ మొక్క నాటి వెళ్ళాడు. హపోన్లు తమ ఇంటి పెళ్ళికొడుకు వచ్చినట్లే సంబరపడ్డారు.

ఈ మధ్య చట్టం కూడా మారినది. తల్లిదండ్రులు కోరుకుంటే తల్లి పేరును ముందు పెట్టుకునే వీలు 1999లో వచ్చింది. 2017 జూన్ 30 నుండి తండ్రి పేరే ముందు అన్న నియమం కూడా పోయి, ఇద్దరూ కలసి వరుస నిర్ణయించుకోవలసి వస్తున్నది. హపోన్ ఆడపడుచులు తలచుకుంటే ఇకపై ఈ పేరును తరువాతి తరాలకు అందించగలరు, ఆ పేరు గలవారి సంఖ్య పెరగనూ గలదు. కానీ ఆ మేరకు పేరూ, వై క్రోమోసోమూ వేర్వేరు దారులు పడతాయి. నమూనాలు తీయదలచిన పరిశోధకులు ఇప్పుడున్న ముసలి తాతల దగ్గరకే త్వరగా వెళ్ళవలసి ఉన్నది.