ఒక పన్ను తేడా

మా అత్తగారిల్లు మొఘల్‌పురాలో. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ముత్తాతగారి నాటి దస్తావేజు ఒకటుంది. ఉర్దూ చేతిరాత, కింద గుండ్రటి మొహరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు కూడా ఆ కాగితం తడవలేదని మా అత్తయ్య ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. అలాంటి కాగితానికి నావల్ల గండం వచ్చిందంటే నమ్ముతారా?

పంపకాల మాట వచ్చి, అమెరికాలో ఉన్న మా మరిది నకలు అడిగాడు. వకీలుగారి గుమాస్తా కూడా అడిగాడు కానీ, "రెండు వందల కేబీ దాటొద్దమ్మా" అని షరతు పెట్టాడు. గల్లీ చివరి షాపులో స్కాన్ చేయించి, నేనే ఫోనులో నొక్కి నొక్కి చిన్నది చేసి ఇద్దరికీ పంపాను. పెద్ద ఫైలు ఎందుకులే దండగ అని చెరిపేశాను కూడా!

చదివి పెట్టమని పక్క గల్లీ మౌల్వీ సాబ్‌కి ఫోను చూపిస్తే ఆయన కళ్లజోడు సవరించుకుని, "బేటీ, యే దో హై యా తీన్?" అన్నారు. ఉర్దూ అంకెల్లో రెండుకీ మూడుకీ తేడా నెత్తిమీద ఒక్క పన్ను. ఆ పన్ను కాస్తా మసకలో కలిసిపోయింది. స్థలం 232 గజాలా, 332 గజాలా? అక్షరాల్లో రాసిన చోటేమో మడతలో చిరిగింది. నూరు గజాల మాట! అన్నదమ్ముల మధ్య ఎంత మంటైనా పెట్టగలదు.

అసలు లెక్క తర్వాత తెలుసుకున్నాను. ఏ ఫోర్ కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో తీస్తే దాదాపు 26 ఎంబీ. దాన్ని 200 కేబీకి దించమంటే నూటముప్ఫయ్యో వంతుకి కుదించమన్నట్టే. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి చుక్కల చదరాలుగా కోసి, కంటికి అంతగా ఆనని సన్నటి మార్పుల్ని ముందు వదిలేస్తుంది. ముఖానికీ, ఆకాశానికీ అది చెల్లుతుంది. కానీ అక్షరం అంచు ఉన్నదే ఆ సన్నటి మార్పులో కదా! మన తెలుగులో మాత్రం? 'ద' కింది చిన్న గీత పోతే 'ధనం' ఏమవుతుంది?

ఈ తూకం పెద్దపెద్దవాళ్లకీ తప్పలేదు. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పథకానికి నడుం కట్టినప్పుడు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా అందులో చేయి కలిపింది. అంగుళానికి 600 చుక్కలు పెట్టారు, రంగులు మాత్రం వదులుకున్నారు. తెలుపు ఎన్ని చుక్కలు, నలుపు ఎన్ని చుక్కలు అని వరస లెక్కగా రాసుకుంటే జాగా బాగా కలిసొస్తుంది. గింజగింజా రాయకుండా 'రెండు సోలల బియ్యం' అని పద్దు రాసుకున్నట్టన్నమాట. అందుకే ఆ పుస్తకాల్లో అక్షరాలు దక్కాయి, ఫొటోలు చాలావరకు మసిబొగ్గులయ్యాయి. పోగొట్టుకునేదేదో తెలిసే పోగొట్టుకున్నారు.

తెలియకుండా పోతేనే ప్రమాదం. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు ఒక ఇంటి ప్లాను నకలు తీస్తే, 21.11 అన్న గది కొలత 14.13గా వచ్చింది! జాగా ఆదాకోసం యంత్రం ఒకేలా అనిపించిన ముక్కల్ని ఒకదాని బదులు ఇంకొకటి అతికించిందట. మసక అయితే అనుమానిస్తాం. స్పష్టంగా ఉన్న తప్పుని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

ఇంతకీ మా దస్తావేజు మాట. మర్నాడు అసలు కాగితమే తీసుకెళ్లాను. మౌల్వీ సాబ్ భూతద్దం పెట్టి చూసి, "తీన్" అన్నారు. నా పెద్ద నిట్టూర్పు గల్లీ అంతా వినిపించి ఉంటుంది. మళ్లీ స్కాన్ చేయించాను. ఈసారి పెద్ద ఫైలు ముట్టుకోకుండా రెండుచోట్ల దాచి, దాని నకలునే చిన్నది చేశాను. ముందు రంగు తీసేసి బూడిదరంగు చేశాను, తర్వాతే కుదించాను. పంపేముందు ఆ అంకెని పెద్దది చేసి కళ్లారా చూసుకున్నాను.

అంతా విని అత్తయ్య నవ్వింది. "మూసీ ముంచని కాగితాన్ని నువ్వు ముంచబోయినవు గదమ్మా!" అంది, పెట్టెకి తాళం వేస్తూ.