కరివేపాకు, కుంపటి, కాపలా

చలి దేశాల్లో ఉండే తెలుగువాళ్ళ ఇంట్లో సోఫా లేకపోయినా ఆశ్చర్యం లేదు గానీ, కిటికీ దగ్గర ఓ కరివేపాకు మొక్క లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే. నేనూ ఒకటి తెచ్చా. ఎండాకాలమంతా బాల్కనీలో బ్రహ్మాండంగా పెరిగింది. చలి మొదలవగానే లోపలికి తెచ్చి, పాపం వణుకుతుందేమోనని హీటర్ పక్కనే పెట్టా. రోజూ ఆఫీసు నుంచి రాగానే గ్లాసుడు నీళ్ళు పోశా. కంటికి రెప్పలా చూసుకున్నానన్నమాట. సంక్రాంతికల్లా ఆకులన్నీ రాలిపోయి పుల్ల మిగిలింది.

"వెచ్చగా ఉంచా, నీళ్ళు పోశా, ఇంకేం చెయ్యాలి?" అని బుర్ర గోక్కుంటూ చదవడం మొదలెట్టా. తేలిందేమిటంటే, సరిగ్గా ఇదే ప్రశ్నతో యూరప్‌లో రాజులూ, ప్రభువులూ, వాళ్ళ తోటమాలులూ దగ్గర దగ్గర రెండొందల ఏళ్ళు తంటాలు పడ్డారు. ఆ కథలో గాజుంది, బొగ్గుంది, పన్నుంది, మనం రోజూ తినే అరటిపండూ ఉంది. అయితే చదవడం అయ్యాక నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది రాత్రిళ్ళు మేలుకుని ఉన్న మనుషులు.

కథ నారింజతో మొదలుపెడదాం. మన 'నారంగం' పర్షియా, అరబ్బు దేశాల మీదుగా వెళ్ళి అక్కడ 'ఆరెంజ్' అయ్యింది. పేరుతో పాటు చెట్టూ వెళ్ళింది. ఇటలీ, స్పెయిన్ దాకా బాగానే ఉంది గానీ, ఇంకా పైకి వెళ్తే మంచు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి మాత్రం తన కోట ముందు నారింజ చెట్లు ఉండి తీరాలి. దాంతో వెర్సాయ్‌లో 1684 నుంచి 1686 దాకా పెద్ద 'ఆరెంజరీ' కట్టించారు. కట్టింది జూల్ ఆర్డువాన్ మాన్సార్. నూటయాభై మీటర్లకు పైగా పొడవున్న హాలు, చాలా మందమైన గోడలు, దక్షిణం వైపు పెద్ద పెద్ద కిటికీలు. పొయ్యిల మీద ఆధారపడలేదు. పగలు పడిన ఎండ వేడిని గోడలే దాచుకుని రాత్రికి తిరిగి ఇస్తాయి. లోపల నీళ్ళు గడ్డకట్టేంత చలి రాదు, అంతే. చెట్లన్నీ చెక్క పెట్టెల్లో ఉంటాయి. అక్టోబరులో లోపలికి, మే మధ్యలో బయటికి. ఇప్పటికీ వెయ్యికి పైగా చెట్లకి ఏటా ఈ ఊరేగింపు జరుగుతూనే ఉంది.

ఇందులో ఒక కిటుకుంది. నారింజకి చలికాలంలో పెరగాల్సిన పని లేదు, చావకుండా ఉంటే చాలు. చలిలో అది సగం నిద్రలో ఉంటుంది కాబట్టి కాస్త వెలుతురు, కాసిని నీళ్ళతో గడిపేస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

చిక్కంతా అసలు సిసలు ఉష్ణమండలపు మొక్కలతో వచ్చింది. ఓడలు అమెరికా ఖండం నుంచి, తూర్పు దేశాల నుంచి కొత్త కొత్త మొక్కల్ని మోసుకొచ్చి పడేస్తున్నాయి. వాటికి వేడి కావాలి. మొదట్లో జనం చేసిన పని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం. రాత్రి కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకుంటే మనుషులకి ఏమవుతుందో తెలుసు కదా! మొక్కలకీ ఆ పొగ పడలేదు. లండన్‌లో మందుల తయారీదారుల సంఘం 1673లో పెట్టిన చెల్సీ ఔషధ వనంలో దీనికో విరుగుడు కనిపెట్టారు. జాన్ ఎవలిన్ అనే ఆయన 1685 ఆగస్టులో అక్కడికి వెళ్ళి తన డైరీలో రాసుకున్నాడు. పొయ్యిని నేల కింద పెట్టి వేడిని మాత్రం పైకి పంపుతున్నారట. గడ్డకట్టే చలిలో కూడా తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచగలుగుతున్నారట. ఈ ఎవలినే 1691లో ఇంకో అడుగు ముందుకేసి, బయటి గాలిని గొట్టాల్లోంచి పొయ్యి మీదుగా లోపలికి పంపే గ్రీన్‌హౌస్ నమూనా ప్రచురించాడు. మొక్కకి వేడితో పాటు మంచి గాలి కూడా కావాలని అప్పటికి తెలిసింది.

తర్వాత అనాసపండు పిచ్చి పట్టుకుంది. హాలెండ్ వాళ్ళు పదిహేడో శతాబ్దం చివర్లో పండించి చూపించారు. 1710ల్లో లండన్ దగ్గర రిచ్మండ్‌లో సర్ మాథ్యూ డెక్కర్ తోటలో కూడా పండింది. ఆ ఆనందంలో ఆయన 1720లో ఆ మొక్కకి పెద్ద తైలవర్ణ చిత్రమే గీయించుకున్నాడు (మనవాళ్ళు కొత్త కారు పక్కన నిలబడి ఫోటో దిగినట్టు). అక్కడ వాడిన చిట్కా చూస్తే ముచ్చటేస్తుంది. తోళ్ళు ఊనడానికి వాడేసిన ఓక్ బెరడు పొడిని గోతిలో నింపి, అందులో కుండీలు పాతిపెట్టేవారు. బెరడు పులుస్తూ నెలల తరబడి నిలకడగా వేడినిస్తుంది. మన ఊళ్ళో పెంటకుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది చూడండి, అదే సూత్రం.

వేడి సమస్య అలా ఓ కొలిక్కి వచ్చింది. మిగిలింది వెలుతురు. చలిదేశంలో డిసెంబరు ఎండ అసలే అంతంతమాత్రం. దానికి తోడు పాత ఆరెంజరీలకి మామూలు ఇంటి కప్పులే ఉండేవి. వేడి ఉండి వెలుతురు లేకపోతే మొక్క పరిస్థితి జీతం రాని నెలలో ఖర్చులు పెరిగినట్టే. వేడికి ఊపిరి వేగం పెరిగి దాచుకున్న తిండిని కరిగించుకుంటుంది, కొత్తది తయారుచేసుకోడానికి ఎండ ఉండదు. కప్పు కూడా గాజుదే ఉండాలని నెమ్మదిగా బోధపడింది. 1816లో జాన్ లౌడన్ వంపు తిప్పగలిగే సన్నటి ఇనుప చట్రం తయారుచేశాక, గాజు కప్పుల్ని గుండ్రంగా, నీడ తక్కువ పడేలా కట్టడం వీలయ్యింది. కానీ ఇంగ్లండులో గాజు మీద బరువు లెక్కన పన్ను. అది చాలదన్నట్టు ఇంటి కిటికీల మీద ఇంకో పన్ను. గాజు పన్ను 1845లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. అందాకా చలికాలంలో వెలుతురు డబ్బున్నవాడి సొత్తే.

ఇక్కడ మన ఐటీ వాళ్ళకి బాగా తెలిసిన సంగతొకటి ఉంది. గాజు ఇల్లు ఎంత ఖరీదు పెట్టి కట్టినా, రాత్రి రెండింటికి పొయ్యి ఆరిపోతే తెల్లారేసరికి అంతా అయిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు మేలుకోవాలి. ఆ పని పడింది తోటపని నేర్చుకోడానికి చేరిన కుర్రాళ్ళ మీద. చాలాచోట్ల గాజు ఇంటి వెనక గోడని ఆనుకునే, బాయిలర్ పక్కన, వాళ్ళకో గది ఉండేది. వంతుల ప్రకారం రాత్రుళ్ళు లేచి బొగ్గు వెయ్యడం, ఉష్ణోగ్రత చూడడం, ఆదివారాలూ పండగలూ అదే పని. ఇప్పటి భాషలో ఆన్‌కాల్. అలర్ట్ మోగే ఫోన్ మాత్రం లేదు. దీన్ని ఆటోమేట్ చెయ్యాలన్న ఆలోచనా అప్పుడే వచ్చింది. కెవ్లీ అనే ఆయన తయారుచేసిన 'యంత్ర తోటమాలి' గురించి లౌడన్ రాశాడు. ద్రవం నింపిన గొట్టం వేడికి త్రాసులా ఒరిగి గాలి కిటికీల్ని తెరిచే ఏర్పాటు అది. అయినా బొగ్గు వేసే పని మాత్రం కుర్రాళ్ళని వదల్లేదు.

ఈ కథకి శిఖరం చాట్స్‌వర్త్. డెవన్‌షైర్ ఆరో డ్యూక్ విలియం కావెండిష్ తన ఎస్టేటుకి 1826లో ఇరవై రెండేళ్ళ జోసెఫ్ పాక్స్టన్ని ప్రధాన తోటమాలిగా పెట్టుకున్నాడు. ఆ పాక్స్టన్ 1836లో 'గ్రేట్ స్టవ్' కట్టడం మొదలెట్టాడు. స్టవ్ అంటే వంట పొయ్యి కాదు, వెచ్చటి గాజు ఇల్లు. పొడవు 277 అడుగులు, వెడల్పు 123, ఎత్తు 67. ఎనిమిది బాయిలర్లు, ఏడు మైళ్ళ వేడినీళ్ళ గొట్టాలు. బొగ్గు నేల కింద పట్టాల మీద వస్తుంది. పొగ నేల కింద గొట్టంలో పోయి దూరంగా అడవిలో చిమ్నీలోంచి తేలుతుంది. చూసేవాళ్ళకి చెట్లు తప్ప ఏమీ కనపడకూడదు. బొగ్గు వేసే మనిషి అసలే కనపడకూడదు. 1843లో విక్టోరియా రాణి వస్తే పన్నెండు వేల దీపాలు వెలిగించి, ఆవిడని గుర్రబ్బండిలోనే లోపల తిప్పారు.

పాక్స్టన్ పెంచిన ఓ పొట్టి అరటి అంతకుముందే, 1835లో, చాట్స్‌వర్త్‌లో గెల వేసింది. దానికి డ్యూక్ ఇంటిపేరు పెట్టారు, కావెండిష్ అని. ఈ రోజు ప్రపంచంలో ఎగుమతయ్యే అరటిపండ్లలో దాదాపు అన్నీ ఆ జాతివే. మన పొట్టి పచ్చ అరటి, బండి మీద కనపడే జి-9 కూడా ఆ కుటుంబమే. మన అరటికి చలిదేశపు డ్యూక్ ఇంటిపేరు, చిత్రంగా లేదూ?

కానీ ఆ గాజు ఇల్లు నింపడానికి పెట్టిన ఖర్చు డబ్బు ఒక్కటే కాదు. డ్యూక్ పంపగా జాన్ గిబ్సన్ అనే తోటమాలి కలకత్తా మీదుగా ఖాసీ కొండలకి వెళ్ళి, 1837లో వందకు పైగా ఆర్కిడ్ రకాలతో తిరిగొచ్చాడు. మరుసటేడు అమెరికా పంపిన ఇద్దరు కుర్ర తోటమాలులు, వాలెస్, బ్యాంక్స్, కొలంబియా నదిలో పడవ మునిగి చనిపోయారు.

మరి గ్రేట్ స్టవ్ ఏమయ్యింది? మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బొగ్గు యుద్ధానికి, కుర్రాళ్ళు యుద్ధానికి. బాయిలర్లు చల్లారాయి, మొక్కలు చచ్చిపోయాయి. గాజు పగల్లేదు, ఇనుము విరగలేదు, అంతా ఉంది. నిప్పు వేసే మనిషి లేడు. 1920లో దాన్ని డైనమైట్ పెట్టి కూల్చేశారు, అదీ ఒక దెబ్బకి లొంగలేదు. ఇప్పుడా పునాది గోడల మధ్య పొదలతో వేసిన పద్మవ్యూహం లాంటి తోట ఉంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన సంఘటన ఇంకోటి. లెనిన్‌గ్రాడ్ ముట్టడి. 1941 నవంబరులో అక్కడి బొటానికల్ గార్డెన్‌లో బాంబు పడి తాటిచెట్ల గాజు ఇంటి అద్దాలన్నీ పగిలిపోయాయి. బయట గడ్డకట్టే చలి, ఊళ్ళో తిండి లేదు, కట్టెలు లేవు. రెండొందల ఏళ్ళుగా పోగేసిన మొక్కల్లో చాలా భాగం పోయాయి. అయితే ఉద్యోగులు తలా కొన్ని కుండీలు తమ ఇళ్ళకి మోసుకెళ్ళారు. కాక్టస్‌లు చూసుకునే ఆయన వాటిని తన గదిలో పెట్టుకుని, తనకే చాలని వెచ్చదనాన్ని వాటితో పంచుకున్నాడు. అలా బతికి బయటపడ్డ మొక్కలకి తర్వాత యుద్ధ వీరులకి కట్టినట్టు రిబ్బన్లు కట్టారు. అద్దాలు పోయాక మిగిలింది మనుషులే, ఆ మనుషులే మొక్కల్ని దాటించారు.

లండన్ క్యూ గార్డెన్స్‌లో 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఫ్రాన్సిస్ మాసన్ తెచ్చిన ఓ సైకాడ్ మొక్క ఇంకా బతికే ఉంది. ప్రపంచంలో అతి పాత కుండీ మొక్క అంటారు దాన్ని. రెండొందల యాభై చలికాలాలు, రెండు ప్రపంచ యుద్ధాలు. ఒక్క ఏడాది ఎవరైనా "నాకెందుకులే" అనుకున్నా పోయేది. మన సర్వర్ల అప్‌టైమ్ గురించి గొప్పలు చెప్పుకునే ముందు నేనిప్పుడు ఆ మొక్కని తలుచుకుంటున్నా.

సరే, మళ్ళీ నా పుల్ల దగ్గరికొద్దాం. నేను చేసిందేమిటో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. హీటర్ పక్కన వేడి ఇచ్చా, వెలుతురు ఇవ్వలేదు. నిద్రపోయే మొక్కకి రోజూ నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టా. కరివేపాకు కూడా నారింజ కుటుంబంలోదే, దానికి వెర్సాయ్ పద్ధతి సరిపోతుంది. దక్షిణం కిటికీ, హీటర్‌కి దూరం, మట్టి పైన బాగా ఎండాకే కాసిని నీళ్ళు. ఆకులు రాలినా కంగారు పడి పారెయ్యకూడదు. గోటితో గీకితే లోపల పచ్చగా ఉందంటే ప్రాణం ఉన్నట్టే. చలి పూర్తిగా పోయాక, మే మధ్యలో, బయటికి.

నేను పుల్లని పారేశాక ఇవన్నీ తెలిశాయి. గీకి చూసుంటే బాగుండేది. ఈసారి కొత్త మొక్క తెచ్చా. రాత్రి పడుకునే ముందు ఓసారి కిటికీ దగ్గరికెళ్ళి గాజు మీద చెయ్యి పెట్టి చూస్తున్నా, మరీ చల్లగా ఉంటే కుండీని ఇవతలకి జరుపుతున్నా. బొగ్గు వెయ్యక్కర్లేదు, అంతవరకూ నయం. కానీ మేలుకోవడం మాత్రం తప్పదు.