స్పెయిన్ వసంతోత్సవములు: వలస వచ్చినవారి చేతి చలువ

పండుగ నేలకు చెందినదా, మనుష్యులకు చెందినదా అను ప్రశ్న పుట్టిన గడ్డపైననే జీవించువారికి సాధారణముగా తోచదు. తాతముత్తాతల కాలమున ఒక సీమ విడిచి మరియొక సీమలో స్థిరపడినవారికి మాత్రము అది ఏటేటా ఎదురగుచునే యుండును. ఈ ప్రశ్నకు స్పెయిన్ దేశపు వసంతోత్సవముల చరిత్రలో చక్కని సమాధానము దొరకుచున్నది. మార్చి నడిమి నుండి మే వరకు ఆ దేశపు నగరములు పండుగలతో కళకళలాడును. వానిలో ముఖ్యమైన మూడింటి పుట్టుపూర్వములను ఇచట విచారింతము.

మొదటిది తూర్పు తీరమునందలి వాలెన్సియా నగరపు ఫాయాస్ ఉత్సవము. వడ్రంగులు తమ వృత్తికి రక్షకుడని కొలుచు పునీత జోసెఫ్ దినము మార్చి 19. శీతకాలమున దీపములు నిలుపుకొనుటకు వాడిన కొయ్య దిమ్మెలను, పనికిరాని చెక్కపేళ్లను వడ్రంగులు ఆ పండుగ ముందటి రాత్రి వీధిలో తగులబెట్టుటతో ఈ ఆచారము మొదలైనదని అచటివారు చెప్పుకొందురు. ఆ మాట వినగానే మనకు భోగిమంట జ్ఞప్తికి రాక మానదు. రానురాను మంటలో వేయు కొయ్యలు బొమ్మలైనవి. బొమ్మలు మేడలంత ఎత్తునకు పెరిగినవి. నేడు పేటపేటకు ఒక సంఘము కలదు. ఏడాది పొడవునను చందాలు కూర్చి, శిల్పులచే పని చేయించి, నాయకులను లోకరీతులను ఎగతాళి చేయు బొమ్మలను కూడళ్లలో నిలుపుదురు. వాని ప్రక్కన వాలెన్సియా వారి సొంత భాషలో హాస్య వాక్యములు వ్రాసియుంచుదురు. మార్చి 19 రాత్రి అన్నియు అగ్నికి ఆహుతి యగును. ప్రజలు ఓటు వేసి మెచ్చుకొన్న బొమ్మను మాత్రము మంట నుండి తప్పించి భద్రపరచు మర్యాద 1934లో ఏర్పడినది. యునెస్కో సంస్థ 2016లో ఈ ఉత్సవమును మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. 2020లో మహమ్మారి వలన ఉత్సవము ఆగిపోయెను. 2021లో వసంతము దాటి సెప్టెంబరులో జరిగెను. అయినను తెగిపోలేదు. బొమ్మలు బూడిదయైనను సంఘము మిగులును. సంఘమున్నంతవరకు మరుసటి యేడు పండుగ యుండును.

రెండవది బార్సెలోనా నగరమునందు ఏప్రిల్ 23న జరుగు పునీత జోర్ది దినము. 1456లో కాటలోనియా ప్రతినిధి సభ ఆ పునీతుని దినమును పండుగగా శాసించినది. ఆనాడు గులాబీలు ఇచ్చుట పాత ఆచారమే. దానికి పుస్తకము తోడైన కథ మాత్రము ఇటీవలిది. వాలెన్సియాలో పుట్టి, బార్సెలోనాలో పుస్తక ప్రచురణ వృత్తిగా స్థిరపడిన విసెంట్ క్లావెల్ అను రచయిత ఏటికొక పుస్తకపు పండుగ యుండవలెనని పట్టుబట్టెను. 1926లో రాజశాసనము వెలువడి, ఆ యేటి అక్టోబరు 7న తొలి పుస్తకదినము జరిగెను. 1930లో దానిని ఏప్రిల్ 23కు మార్చిరి. స్పానిష్ మహారచయిత సెర్వాంటెస్ 1616లో ఆ దినములలోనే మరణించెను. ఆ విధముగా పువ్వును పుస్తకమును ఒక్కనాటి కానుకలైనవి.

1939లో అంతర్యుద్ధము ముగిసి ఫ్రాంకో నిరంకుశ పాలన నెలకొన్న పిమ్మట కాటలాన్ భాషను బడుల నుండి, కచేరీల నుండి తొలగించిరి. తొలి యేండ్లలో ఆ భాషలో గ్రంథప్రచురణము దాదాపు స్తంభించినది. పుస్తకదినము మాత్రము నిలిచినది. నిర్బంధము సడలినకొలది వీధి బల్లలపై కాటలాన్ గ్రంథములు ఒక్కొక్కటిగా మరల కనబడసాగెను. 1975లో ఫ్రాంకో మరణించెను. 1979 నాటి స్వపరిపాలనా శాసనముతో ఆ భాషకు అధికార గౌరవము తిరిగి లభించెను. 1995లో యునెస్కో ఏప్రిల్ 23ను ప్రపంచ పుస్తకదినముగా ప్రకటించినది. పరాయి నగరము నుండి వచ్చిన ఒక వ్యక్తి నాటిన మొక్క కాటలాన్ ప్రజల భాషాభిమానమునకు నీడయై, లోకమునకెల్ల పండుగ యైనది.

మూడవది దక్షిణమున ఆండలూసియా సీమకు రాజధానియైన సెవిల్ నగరపు ఏప్రిల్ సంత. ఆండలూసియా వారి ఆటపాటలకు, వేషభాషలకు ఇంతకు మించిన గుర్తు లేదని లోకమనుకొనును. కాని దాని మూలపురుషులిరువురును ఆ సీమవారు కారు. హోసే మరియా ఇబార్రా ఉత్తరమునందలి బాస్క్ సీమలో పుట్టిన వర్తకుడు. నార్సిసో బోనాప్లాతా బార్సెలోనా నుండి వచ్చి సెవిల్‌లో ఇనుప పోత కార్ఖానా నెలకొల్పినవాడు. అచటి నది మీద త్రియానా వారధికి ఇనుప పనిముట్లు పోతపోసినది ఆ కార్ఖానాయే. పురపాలక సభ్యులైన ఆ యిరువురు 1846లో పశువుల సంత ఒకటి కావలెనని ప్రతిపాదించిరి. రాణి రెండవ ఇసబెల్ అనుమతించెను. 1847 ఏప్రిల్ 18న తొలి సంత జరిగినది. బేరములకు వచ్చినవారు పాటలకు నిలిచిరి. పాటలకు వచ్చినవారు నృత్యమునకు నిలిచిరి. కాలక్రమమున పశువులు పోయి పండుగ మిగిలెను. పశువుల బేరగాండ్ర ఇంటి స్త్రీలు, జిప్సీ స్త్రీలు కట్టిన కుచ్చుల నూలు గౌనులను సంపన్న స్త్రీలును మెచ్చి ధరింపసాగిరి. నేడు వేయికి పైగా గుడారములు వెలయుచున్నవి. వానిలో ఎక్కువ భాగము కుటుంబములకో సంఘములకో సొంతము. పిలుపు లేనిదే ప్రవేశము లేదు.

ఈ కథకు మరియొక మలుపు కలదు. 1950 తరువాతి దశాబ్దములలో ఆండలూసియా పేదరికము నుండి లక్షలాది జనులు బ్రతుకుతెరువునకై కాటలోనియాలోని మిల్లులకు, కట్టడపు పనులకు వలసపోయిరి. వారిని తిరస్కారము ధ్వనించు 'షర్నేగో' అను పేరుతో పిలిచిన కాలము కలదు. ఆ జనులు 1971లో బార్సెలోనాకు ఎగువనున్న కాస్టెయార్ పట్టణమున తమ ఏప్రిల్ సంతను తామే జరుపుకొనిరి. అది పెరిగి పెద్దదై బార్సెలోనా సముద్రతీరమునకు చేరినది. ఇచట గమనింపదగిన భేదమొకటి కలదు. పుట్టినింట పిలిచినవారికే తెరచుకొను గుడారము, వలససీమలో దారిని పోవు ప్రతివానికిని తెరచుకొనినది. కాటలాన్ కుటుంబములును వచ్చి ఆడుచున్నవి. అచటి ఆండలూసియా బిడ్డలు బడిలో కాటలాన్ నేర్చి, ఏప్రిల్ 23న గులాబీ ఇచ్చి, పిదప సంతలో తాతల పాట పాడుచున్నారు. ఒకటి రెండవదానికి అడ్డు కాలేదు.

మన ముందును ఇట్టి వసంతమే నిలిచియున్నది. చైత్ర శుద్ధ పాడ్యమి మనకు ఉగాది, కన్నడిగులకు యుగాది, మహారాష్ట్రులకు గుడి పాడ్వా. ఇరుగుపొరుగు భాష బడిలో నేర్చి, తెలుగు ఇంటిలో మాత్రమే వినుచున్న మన పిల్లలకు పంచాంగ శ్రవణము అర్థము కాని మంత్రమగునా, తమ సొంత పండుగ యగునా అనునది మన సంఘముల పనిని బట్టి యుండును. సెవిల్ చరిత్ర చెప్పునది ఇదే: వచ్చినవాడును ఉన్నవాడు కాగలడు, ఉన్న ఊరికి పండుగ పెట్టగలడు. బార్సెలోనా చెప్పునది మరొకటి: అన్యసీమలో పండుగ నిలువవలెనన్న తలుపు తెరచి యుంచవలెను. ఉగాది పచ్చడి పొరుగింటికి పంపు గిన్నెతో పాటు దాని పేరును, అర్థమును తెలుగులో చెప్పగల బిడ్డను పంపుదుము గాక.