పురుగును ఎరిగిన సేద్యము

తొలకరి వాన కురిసిన రాత్రి పాలమూరు సీమ పల్లెలలో దీపము ముందు కూర్చున్న వారికి ఒక అనుభవము కలదు. ఎక్కడనుండియో తెల్లని రెక్కల పురుగులు వచ్చి దీపము చుట్టును ముసరుకొనును. మనము వానిని తోలివేసి ఊరకుందుము. వాని సంతతియే కొన్ని వారములలో ఎర్ర గొంగళిపురుగై ఆముదపు చేనును, వేరుసెనగ చేనును మోడు చేయునని ఎందరు తలతురు? దీపము దగ్గర దొరికిన శత్రువును విడిచిపెట్టి, చేనిలో బలిసిన శత్రువుపై మందు డబ్బాతో యుద్ధమునకు పోవుచుంటిమి. మన సస్యరక్షణ చరిత్రలో చాల భాగము ఇదియే.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డయని పేరు. కృష్ణకు ఆవలి గట్టున వనపర్తి. దానికి తూర్పున నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి నిజాము కాలమున సంస్థానములు. చిరకాలము మహబూబ్‌నగరు జిల్లాలో నుండిన ఈ మూడు ప్రాంతములును 2016 అక్టోబరు 11 నుండి వేరువేరు జిల్లాలైనవి. కాలువ నీరు రాక పూర్వము ఇది చాలవరకు వానపై ఆధారపడిన ఎర్రచెలకల సీమ. జొన్న, కొర్ర, ఆముదము, కంది, ఇక్కడివారు పల్లి యనెడి వేరుసెనగ — ఇవి దాని పంటలు.

మందులు లేని కాలమున ఈ రైతు పైరును ఎట్లు కాచుకొనెను? వేసవిలో లోతుగా దున్నెడివాడు. నేలలో దాగిన పురుగు కోశములు ఎండకు మాడి, కాకులకును కొంగలకును ఆహారమగుచుండెను. జొన్న సాళ్ల నడుమ కంది వేసెడివాడు. ఒక పంటను తిను పురుగునకు రెండవ పంట అడ్డుగోడయయ్యెడిది. గింజల గాదెలో వేపాకు వేసెడివాడు. అయినను ఆ కాలమంతయు స్వర్ణయుగమని భ్రమపడరాదు. మిడుతల దండు వచ్చినను, గొంగళిపురుగు ఊరిమీద పడినను, డప్పులు మ్రోగించుట తప్ప గత్యంతరము లేని సంవత్సరములును ఉండినవి.

అందుచేతనే క్రొత్త మందులు వచ్చినప్పుడు లోకము వానిని వరముగా భావించినది. డి.డి.టి.కి కీటకములను చంపు శక్తి కలదని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ 1939లో కనుగొని, 1948లో నోబెల్ బహుమతి పొందెను. ఆ 1948లోనే మిడుతల నివారణకై బి.హెచ్.సి. మన దేశమునకు దిగుమతియైనది. 1952లో కలకత్తా సమీపమున దాని ఉత్పత్తి ప్రారంభమైనది. పొడి చల్లిన మరునాడే చచ్చిన పురుగులను చూచిన రైతు, తాతలనాటి జాగ్రత్తలను మరచుటలో ఆశ్చర్యమేమున్నది?

వరము వెనుక విషము దాగియుండెను. 1958లో కేరళమున పారథియాన్ అను మందు ఆహారపదార్థములలో కలిసి నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటనయే 1968 నాటి కీటకనాశినుల చట్టమునకు దారితీసినది; 1971లో దాని నియమములు వెలువడినవి. డబ్బాపై కనిపించు రంగుల త్రికోణము ఆ నియమముల ఫలమే. ఎరుపు మిక్కిలి ప్రమాదకరము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ తక్కువ విషము. ఆకుపచ్చ యనగా విషము లేదని అర్థము కాదు. చదువు రానివారును గుర్తింపవలెనని పెట్టిన గుర్తు ఇది. దానిని ఇంటిల్లిపాదికి చెప్పవలసిన బాధ్యత చదువు వచ్చినవారిది.

ఆ కాలముననే శాస్త్రజ్ఞుల ఆలోచనలో మార్పు వచ్చినది. 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ అను నలుగురు ఒక వ్యాసము ప్రకటించిరి. చేనిలో పురుగు కనిపించుటయే మందు కొట్టుటకు కారణము కాదు. దాని వలన కలుగబోవు నష్టము మందు ఖర్చును మించునప్పుడే కొట్టవలెనని వారి సిద్ధాంతము. నేడు ‘ఆర్థిక నష్టపరిమితి’ అనునది ఇదియే. 1962లో రాచెల్ కార్సన్ తన గ్రంథముచే మందుల దుష్ఫలితములను లోకమునకు తెలిపినది. అదే 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాసంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు, వేపగింజల ద్రావణము చల్లిన ఆకును మిడుత ముట్టదని నిరూపించిరి. గాదెలో వేపాకు వేసిన అవ్వ తెలివి ఈ విధముగా పరిశోధనాలయమున ఋజువైనది.

ఈ హెచ్చరికలు చేనివరకు చేరుటకు చాలకాలము పట్టినది. తెలుగుదేశమున ఆ ఆలస్యమునకు ప్రత్తిరైతు మూల్యము చెల్లించెను. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ విజృంభించినది. క్రొత్తరకము పైరిత్రాయిడు మందులు మితిమీరి కొట్టగా, దోమను తిను మిత్రపురుగులు నశించి దోమ మిగిలినది. 1997–98లో వరంగల్లు ప్రాంతమున పొగాకు లద్దెపురుగు ఏ మందుకును లొంగలేదు. అప్పులపాలైన రైతులలో పలువురు, పురుగును చంపలేకపోయిన ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. ఇంతకంటె దారుణమైన పాఠము మరియొకటి లేదు. 2002లో బి.టి. ప్రత్తి వచ్చి శనగపచ్చ పురుగు బెడదను తగ్గించినది. కాని రసము పీల్చు దోమలపై దాని ప్రభావము లేదు. కాలక్రమమున గులాబిరంగు పురుగు దానికిని అలవాటుపడినది. 2017 నాటికి తెలంగాణ చేలలో తీవ్ర నష్టము కలిగించినది. ఒకే ఆయుధమును మరల మరల ప్రయోగించినచో శత్రువు దానిని ఓర్చుకొనుట నేర్చును.

ఇక మొదట చెప్పిన ఎర్ర గొంగళిపురుగు కథకు వత్తము. బలిసిన గొంగళికి ఒళ్లంతయు దట్టమైన వెండ్రుకలు. మందు సులభముగా ఎక్కదు. అయితే దాని జీవితమున బలహీనమైన ఘడియలు కొన్ని కలవు. వేసవి అంతయు కోశదశలో గట్ల క్రింద, చెట్ల నీడన నేలలో నుండును; అప్పుడు లోతు దుక్కి చాలును. తొలకరి వానకు రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా వెలువడి వెలుతురునకు వచ్చును. అప్పుడు చేలగట్ల మీద మంటలు వేసినచో అందుపడి చచ్చును. ఆకుల అడుగున గుడ్లు గుంపులుగా పెట్టును. ఆ ఆకులను ఏరి నాశనము చేయవచ్చును. ఇవన్నియు తప్పించుకొని పురుగు పొలమునుండి పొలమునకు నడచునప్పుడు, చేని చుట్టు గాడి త్రవ్వి జిల్లేడు కొమ్మలు పరచినచో అక్కడ చిక్కును. 1989–93 నడుమ స్వచ్ఛంద సంస్థలును శాస్త్రజ్ఞులును కలిసి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెట్టపల్లెలలో ఈ పద్ధతిని ఊరుమ్మడిగా నడిపించిరి. ఒక్కరు మంట వేసి పదిమంది ఊరకున్నచో ఫలము లేదు. పురుగునకు గట్లు తెలియవు గదా!

నాగర్‌కర్నూలు జిల్లాలోని పాలెము పరిశోధనాస్థానము ఆముదమునకు ప్రసిద్ధి. ఆ పంటను తిను దాసరిపురుగు విషయమున శాస్త్రజ్ఞులు చెప్పు మాట చిత్రమైనది: పురుగులతోపాటు దానిని చంపు చిన్న పరాన్నజీవి గూళ్లును కనిపించినచో మందు కొట్టవలదు. అక్కడ మనకు కూలి అడుగని కాపరి పని చేయుచున్నాడు. మందు కొట్టినచో ముందు చచ్చునది అతడే.

సమగ్ర సస్యరక్షణ యనగా ఇదియే. పంట మార్చుట, లోతుగా దున్నుట, ప్రత్తి గట్లపై ఆముదమును ఎరపంటగా వేయుట, పక్షులు వాలుటకు కొమ్మలు నాటుట, లింగాకర్షక బుట్టలతో పురుగు రాకను కనిపెట్టుట — ఇవి ముందు మెట్లు. ప్రత్తిలో బుట్టకు దినమునకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు దినములు పడినచో గులాబిరంగు పురుగు హద్దు దాటినదని గ్రహింపవలెను. అయిదు కిలోల వేపగింజల పొడి నూరు లీటర్ల కషాయమునకు చాలును. రసాయనము కట్టకడపటి మెట్టు. మెట్లను తలక్రిందులు చేయుటయే మన పొరపాటు.

గద్వాల పేరు చెప్పగానే పట్టంచు చీర జ్ఞప్తికి వచ్చును. నేడు ఆ ప్రాంతము ప్రత్తి విత్తనమునకును అంతటి పేరు గడించినది. సంకర విత్తనమునకై సాయంకాలము మొగ్గలను విప్పి కేసరములను తీసివేయుదురు. మరునాటి ఉదయము పువ్వు పువ్వునకు చేతితో పుప్పొడి అద్దుదురు. రెండు మూడు నెలలు సాగు ఈ ‘క్రాసింగు’ పనిలో ఎక్కువమంది స్త్రీలు. తక్కిన పొలములలో మందు కొట్టువాడే విషమునకు గురియగును; ఇక్కడ ప్రతి ఆకును, ప్రతి మొగ్గను తాకు వ్రేళ్లు విషమునకు ఎదురుగా నుండును. కావున మందు కొట్టిన చేనిలోనికి డబ్బాపై చెప్పిన గడువు తీరక కూలీలను పంపుట పాపము. పసివారిని ఆ పనికి పంపుట నేరము.

మందు కొట్టక తప్పనినాడు చేతులకు తొడుగులు, ముఖమునకు గుడ్డ, ఒంటినిండ బట్టలు ఉండవలెను. గాలికి ఎదురు నిలిచి కొట్టరాదు. మూసికొనిన నాజిలును నోటితో ఊదరాదు. నడుమ బీడీ, భోజనము తగదు. పని ముగియగానే సబ్బుతో స్నానము చేసి, బట్టలు వేరుగా ఉతుకవలెను. తల తిరిగినను, చూపు మసకబారినను, నోట చొంగ కారినను వెంటనే ఆసుపత్రికి పోవలెను; డబ్బాపై చీటిని వైద్యునికి చూపవలెను. ఖాళీ డబ్బాను కడిగి నూనె పోసికొనువారు 2013లో బీహారు రాష్ట్రమున జరిగిన ఘోరమును తలచుకొనవలెను. మందు కలిసిన నూనెతో వండిన బడి భోజనము తిని అక్కడ 23 మంది పిల్లలు మరణించిరి.

డబ్బా కొనుటకు ఒక్క గడియ చాలును. పురుగును ఎరుగుటకు ఒక ఋతువు పట్టును. కాని ఆ ఎరుక ఒకసారి వచ్చినచో ఏటేట ఖర్చు లేక పనిచేయును. ఈ వచ్చు తొలకరికి మీ దీపము చుట్టు తెల్లని రెక్కలు ముసరినప్పుడు విసుగుకొనక, పొరుగు రైతును పిలిచి చూపుడు. పైరుకు కాపు అక్కడనే మొదలగును.